సామర్లకోట తోట, మన చెట్ల పేర్లు

తెలుగు చెట్ల పేర్లను శాస్త్ర గ్రంథాలకెక్కించిన తొలితరం వారిలో విలియం రాక్స్‌బర్గ్ ఒకరు. ఆయన తెలుగువాడు కాదు. 1751లో స్కాట్లాండులో పుట్టి, ఎడిన్‌బరోలో చదువుకుని, 1776లో ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా మద్రాసు చేరారు. జీతం రోగులకు మందిచ్చినందుకు. మనసు మాత్రం గాలి, వాన, మొక్కల మీద ఉండేది. ఎండ వేడినీ గాలి ఒత్తిడినీ రోజుకు మూడుసార్లు కొలిచి రాసుకునేవారు. అది ఆయన ఉద్యోగంలో భాగం కాదు. ఆ లెక్కలు లండన్ రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయ్యాయి.

1781లో ఆయనకు సామర్లకోట బదిలీ అయింది. అక్కడ తోట వేశారు. మిరియం, కాఫీ, నీలిమందు, పట్టుపురుగులకు మల్బరీ ఇలా ఎన్నో పెంచి చూశారు. కంపెనీకి కావలసింది లాభం. మిరియం తోట మీద పెద్ద ఆశలే పెట్టుకున్నారు గానీ అవి ఫలించలేదు. గోదావరి రైతులు చెరకు పండించే తీరును మాత్రం ఆయన శ్రద్ధగా చూసి రాశారు. మన అద్దకంవాళ్లు ఎర్ర రంగుకు వాడే చిరివేరు గురించీ అలాగే రాశారు.

యానాం పాఠకులకు 1787 ఉప్పెన సంగతి పెద్దల నోట విన్నదే కావచ్చు. కోరంగి, ఇంజరం తీరాన్ని ముంచెత్తిన ఆ ఉప్పెనలో రాక్స్‌బర్గ్ ఏళ్ల తరబడి కూడబెట్టిన మొక్కల నమూనాలు, పుస్తకాలు, కాగితాలు కొట్టుకుపోయాయి. ఆయన మళ్లీ మొదటినుంచీ మొదలుపెట్టారు.

ఆ తర్వాత 1789 నుంచి వానలు వరసగా ముఖం చాటేశాయి. ఉత్తర సర్కారుల్లో ఘోరమైన కరువు వచ్చి జనం ఊళ్లకు ఊళ్లు వదిలి పోయారు. ఇలాంటిది ఇంతకుముందెప్పుడైనా వచ్చిందా అని రాక్స్‌బర్గ్ ఆరా తీశారు. పిఠాపురం రాజావారి తాతల నాటి రాతల్లో 1685–87 కరువు వివరాలు దొరికాయి. వందేళ్ల ఎడంలో వచ్చిన రెండు కరువులను పక్కపక్కన పెట్టి చూడటం ఆ రోజుల్లో కొత్త ఆలోచన. ఆయన చూసిన కరువుకు పసిఫిక్ సముద్రంలో వచ్చిన ఎల్‌నినోతో సంబంధం ఉందని మన కాలపు పరిశోధకులు చెబుతున్నారు. ఆనాటి వాన లెక్కలు వాళ్లకు అక్కరకొచ్చాయి.

వాన తప్పితే వరి పోతుంది, లోతుకు వేరుపట్టిన చెట్టు నిలుస్తుంది. అందుకని కాలవ గట్ల మీద, దారుల పక్కన, ఊళ్ల చుట్టూ కొబ్బరి, తాటి, ఈత, పనస నాటించాలని ఆయన కంపెనీకి రాశారు. పదిమందికీ ఉపయోగపడే చెట్లు పదిమంది తిరిగే చోట ఉండాలన్నది ఆ సూచన సారం.

1793లో ఆయన కలకత్తా తోట అధికారిగా వెళ్లారు. చేరినప్పుడు అక్కడ సుమారు 300 రకాల మొక్కలుంటే, 1814లో అచ్చయిన జాబితా నాటికి 3,500 అయ్యాయి. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన పుస్తకం 1795 నుంచి మూడు సంపుటాలుగా, 300 చిత్రాలతో లండన్‌లో వెలువడింది. ఆ బొమ్మలు వేసింది మన దేశపు చిత్రకారులే. వాళ్ల పేర్లు మాత్రం పుస్తకానికెక్కలేదు. రాక్స్‌బర్గ్ 1815లో ఎడిన్‌బరోలో కన్నుమూశారు.

చిత్రకారుల పేర్లు పోయినా చెట్ల పేర్లు నిలిచాయి. మొక్క వివరాల పక్కనే తెలుగువాళ్లు దాన్నేమంటారో ఆయన రాసుకున్నారు. జ్వరానికి బెరడు వాడే సోమిద చెట్టును ఆయన వర్ణించగా, తర్వాత వచ్చిన శాస్త్రజ్ఞుడు ఆ తెలుగు పేరు మీదనే దానికి సొయ్‌మిడా అని లాటిన్ పేరు పెట్టాడు. ఈనాటికీ ప్రపంచమంతా ఆ పేరే.

తరతరాలుగా బయట స్థిరపడిన మన ఇళ్లలో ఈ పేర్లే ముందుగా జారిపోతున్నాయి. వీధిలో తమిళం, కన్నడం, ఒడియా, మరాఠీ పేరు తెలుసు. అవ్వ పిలిచిన పేరు గుర్తుండదు. మన సంఘాల తోటల్లో ఆదివారం పూట చెయ్యి వేసేవాళ్లు రెండు పనులు చెయ్యొచ్చు. ఒకటి, ప్రతి చెట్టుకూ ఊరి భాషలో పేరు, దాని కింద తెలుగు పేరు రాసిన పలక కట్టడం. పెద్దలను అడిగితేనే అది పూర్తవుతుంది. రెండు, ఒక వానమాపకం పెట్టి, పడిన వానను రోజూ ఒకే వేళకు నోటుబుక్కులో ఎక్కించడం. ఒక ఏడాది లెక్కతో పెద్దగా ఏమీ తేలదు. ఇరవై ఏళ్ల లెక్క ఉంటే ఆ ఊరి వాన సంగతి మన పిల్లలకు మనమే చెప్పగలం.