వాద్యకారుల బంధువు శ్రీ ఎం. బి. శ్రీనివాసన్

మన కోనసీమలో మేళము లేని శుభకార్యము లేదు. అంతర్వేది స్వామి కల్యాణమునకైనను, జగ్గన్నతోట ప్రభల తీర్థమునకైనను, పల్లెలో జరుగు పెండ్లికైనను సన్నాయియు డోలునే ముందు నడచును. నాటకమాడిన రాత్రి హార్మోనియము, హరికథ చెప్పిన రాత్రి ఫిడేలును మృదంగమును తెల్లవార్లు మ్రోగుచుండును. వినువారు తల లూపి భేషని మెచ్చుకొందురు. తెల్లవారిన పిమ్మట ఆ వాద్యకారుడు తన వాద్యమును చంకను బెట్టుకొని రేవు దారిని నడచిపోవునప్పుడు వాని చేతిలో నేమి పడినదని విచారించువారు మిక్కిలి తక్కువ. మనము వానికిచ్చు సొమ్మునకు సంభావన యని పేరు. సంభావన యనగా గౌరవము. ఆ గౌరవ మెంతటిదో నిర్ణయించువాడు ఇచ్చువాడే కాని పుచ్చుకొనువాడు కాడు. చిక్కంతయు నిక్కడనే యున్నది.

ఈ సంభావనను వేతనముగా మార్చుటకు, అనగా దయవలన దొరకుదానిని హక్కుగా పొందునట్లు చేయుటకు, దక్షిణ దేశమున పాటుపడిన వారిలో అగ్రగణ్యులు శ్రీ మానామదురై బాలకృష్ణన్ శ్రీనివాసన్‌గారు. సంగీతలోకము వారిని ఎం.బి.ఎస్. అని పిలుచుకొనెను. మలయాళ చలనచిత్రముల సంగీత దర్శకులుగా వారు కేరళ దేశమున మిక్కిలి ప్రసిద్ధులు. మద్రాసు సినిమా వాద్యకారులకు మాత్రము వారు సంఘ స్థాపకులు, ఇంటి పెద్ద వంటివారు. ఆ వాద్యకారులలో మన తెలుగువారును పెక్కుమంది యుండిరి గనుక వారి చరిత్రము మనకును సొంతమే.

శ్రీనివాసన్‌గారు 1925వ సంవత్సరము సెప్టెంబరు 19వ తేదీన చిత్తూరులో జన్మించిరి. ఆనాడు చిత్తూరు మద్రాసు రాజధానిలో నుండెను. నేడు ఆంధ్రప్రదేశములో నున్నది. వారిది తమిళ కుటుంబము. మద్రాసులో చదువుకొను దినములలోనే వారు విద్యార్థి ఉద్యమమునం దడుగు పెట్టిరి. కమ్యూనిస్టు భావములు వారి నాకర్షించినవి. పిదప ఢిల్లీ చేరి, పార్లమెంటు సభ్యులును కేరళ కమ్యూనిస్టు నాయకులును నగు ఏ. కె. గోపాలన్‌గారికి కార్యదర్శిగా పనిచేసిరి. అమృత్‌సరునకు చెందిన స్వాతంత్ర్య సమరయోధులు డాక్టరు సైఫుద్దీన్ కిచ్లూగారి కుమార్తె జాహిదాగారిని వివాహమాడిరి. మత మడ్డువచ్చు కాలమున జరిగిన వివాహమది. ఏకత యనుమాట వారికి పాటలోని మాట మాత్రమే కాదని దీనివలననే తెలియుచున్నది.

కళను ప్రజల కష్టసుఖములతో ముడివేయవలెనను తలంపు ఆ కాలమున దేశమంతటను వ్యాపించి యుండెను. 1943లో భారత ప్రజానాట్య సంఘ మేర్పడెను. మన ఆంధ్రమున డాక్టరు గరికపాటి రాజారావుగారి నాయకత్వమున ప్రజానాట్యమండలి పల్లెపల్లెకు బుఱ్ఱకథను, వీధి నాటకమును కొనిపోయెను. శ్రీనివాసన్‌గారి సంగీతమును ఆ గాలి పీల్చినదే. రాజకీయము విడిచి వారు మద్రాసు చలనచిత్ర రంగమునకు వచ్చినపుడు పాటతోపాటు ఆ తలంపును కూడ వెంట తెచ్చుకొనిరి.

ఆ దినములలో తెలుగు చిత్రములకును మద్రాసే రాజధాని. మొదట స్టూడియోలు వాద్యకారులను నెలజీతములపై నుంచుకొనెడివి. తరువాత నిర్మాతలు పెరిగిరి; పాట పాటకు వాద్యకారులను పిలిపించు పద్ధతి హెచ్చెను. నెలజీతము పోయి దినకూలి మిగిలెను. పాట ముద్రణము నేటివలె ముక్కలు ముక్కలుగా జరుగునది కాదు. గాయకుడు, వయొలిన్లు, వేణువు, తబలా, ఢోలక్కు అన్నియు నొక్కచోట కూడి మొదటినుండి చివరవరకు ఒక్క ఊపున సాగవలెను. ముప్పదిమందిలో ఒక్కని చేయి తప్పినను అందఱు మరల మొదలుపెట్టవలెను. ఉదయము మొదలిడిన పాట రాత్రివరకు సాగినను అడుగువాడు లేడు. సొమ్ము పిదప వచ్చునని చెప్పి పంపుదురు. చిత్రము అమ్ముడుపోని యెడల ఆ పిదప యన్నది ఎన్నటికిని రాదు. పాటకు పేరు సంగీత దర్శకునిది, కంఠము గాయకునిది, లాభము నిర్మాతది. వేణువూదిన వాని పేరు తెరపైనను ఉండదు, గ్రామఫోను పళ్లెముపైనను ఉండదు.

ఒక్కడు నోరు తెఱచి అడిగిన మఱునాడు వానిని పిలువరు. వాని కుర్చీలో వేఱొకడు కూర్చుండును. అందఱు కలిసి అడిగిన కుర్చీలన్నియు ఖాళీ యగును. సంఘబలమనగా నింతే. కాని వాద్యకారులను సంఘముగా కూర్చుట మిల్లు కూలీలను కూర్చుటవంటిది కాదు. వారిలో తమిళులు, తెలుగువారు, మలయాళీలు, గోవానుండి వచ్చిన క్రైస్తవులు కలరు. గురువు నొద్ద శాస్త్రము నేర్చినవా డొకడు, బ్యాండు మేళములో చేయి తిరిగినవా డొకడు. అన్నింటికంటె పెద్ద అడ్డంకి వారి మనస్సులోనే యుండెను. తాము కళాకారులమే కాని కూలీలము కామని వారి యభిమానము. బేరమాడుట విద్యకు తక్కువతనమని వారి సంకోచము. విద్యను గౌరవించుచు విద్యావంతుని పస్తుంచుట గౌరవము కాదని వారికి నచ్చజెప్పి, శ్రీనివాసన్‌గారు సినీ మ్యుజీషియన్స్ యూనియన్‌ను స్థాపించిరి. పని గంటలకు కాల్‌షీటు లెక్క, ఆ గంటలు మీఱినచో అదనపు సొమ్ము, వాద్యము దించిన నాడే చేతికి కూలి — ఇవి ఆ సంఘము పట్టుబట్టిన ముఖ్య విషయములు.

ఇందు గమనింపవలసిన దొకటి కలదు. శ్రీనివాసన్‌గారు స్వయముగా సంగీత దర్శకులు. వాద్యకారులను పిలిపించు పక్షమున వారి స్థానము. కాని వారు నిలిచినది పిలువబడు పక్షమున. వేతనములకై నిర్మాతలతో వాదించువారికి ఆ నిర్మాతల యొద్దనుండి అవకాశములు సులభముగా రావని వేఱుగ చెప్పనక్కఱలేదు. తమిళమున వారు సంగీతము కూర్చిన చిత్రములు కొలదియే.

ఆ కొలదిలో మొదటిది 1960లో వెలువడిన పాదై తెరియుదు పార్. దీని దర్శకులు వంగదేశీయులైన నిమాయ్ ఘోష్‌గారు. దేశ విభజనలో నిలువ నీడ పోగొట్టుకొన్న వారి కథతో చిన్నమూల్ అను చిత్రమును తీసి, పిదప మద్రాసు చేరి స్థిరపడిరి. ఈ తమిళ చిత్రము కార్మికుల కథ. అందు కొబ్బరిమట్టల ఊయెలను వర్ణించు పాట యొకటి కలదు. వ్రాసినవారు ప్రసిద్ధ రచయిత జయకాంతన్‌గారు. పాడినవారు కాకినాడలో పుట్టిన పి. బి. శ్రీనివాస్‌గారును, మన తెలుగు గాయని ఎస్. జానకిగారును. కొబ్బరితోటల నడుమ బ్రదుకు మనవారికి ఆ పాట చెవిని పడిన తమిళ మర్థముకాకున్నను మనసున కెక్కును.

1961 నవంబరు 14వ తేదీన మద్రాసు భరణీ స్టూడియోలో కాల్పాడుగళ్ అను మలయాళ చిత్రముకొఱకు ఒక క్రొత్త గాయకునిచే వారు నారాయణగురువుల పద్యమును పాడించిరి. జాతిమత భేదములు లేని సమాజమును కోరు పద్యమది. ఆ గాయకుడే కె. జె. యేసుదాసు. నాటినుండి మలయాళ చిత్రములే వారి ముఖ్యక్షేత్ర మయ్యెను. కవి ఓ. ఎన్. వి. కురుప్‌గారి పాటలకు వారు కూర్చిన వరుసలను కేరళీయులు మఱవరు. అడూర్ గోపాలకృష్ణన్‌గారి స్వయంవరము (1972), ఎలిప్పత్తాయము (1981) మున్నగు చిత్రములకు వారి సంగీతమే ప్రాణము. ఎక్కడ మౌనముగా నుండవలెనో ఎఱిగిన సంగీతమది.

వాద్యకారులు మాత్రము సుఖపడిన చాలునని వారు తలంపలేదు. దీపము పట్టువాడు, కెమెరా మోయువాడు, వేషము దిద్దువాడు అందఱును ఒక్క కుటుంబమే. 1967లో దక్షిణ భారత చలనచిత్ర ఉద్యోగుల సమాఖ్య యేర్పడినపుడు నిమాయ్ ఘోష్‌గారితో కలిసి శ్రీనివాసన్‌గారు దానికి పునాది వేసిరి. పాట మరల మరల మ్రోగినపుడు రచయితకును స్వరకర్తకును కొంత భాగము రావలెనను ఉద్దేశముతో 1969లో ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ పుట్టెను. ఆ ప్రయత్నమునను వారు పాలుపంచుకొనిరి. 1977లో సుప్రీంకోర్టు, సొమ్మిచ్చి పాట కట్టించుకొన్న నిర్మాతయే వేఱు ఒడంబడిక లేనిచో ఆ హక్కునకు తొలి యజమాని యని తీర్పు చెప్పెను. పాట కట్టినవారికి రావలసిన భాగమును చట్టము నిలిపినది 2012లో. అప్పటికి శ్రీనివాసన్‌గారు గతించి 24 సంవత్సరము లయ్యెను. నాటినవాడు ఫలము తినని చెట్టు ఇది.

1971లో వారు మద్రాస్ యూత్ కోయిర్ అను బృందగాన సంఘమును నెలకొల్పిరి. మన సంగీతమున ఒక్కడు పాడగా పదుగురు వినుట వాడుక. పదుగురు కలిసి, వేఱువేఱు స్వరములలో, ఒకరి గొంతు నొకరు మ్రింగకుండ పాడుట వారు నేర్పినది. సంఘమున వారు కోరినదియు నిదియే. దేశమందలి బాలబాలికలు పలుభాషల పాటలను కలిసి పాడుకొనవలెనని ఊరూర తిరిగి ఉపాధ్యాయులకును పిల్లలకును శిక్షణ నిచ్చిరి. అట్లు లక్షద్వీపములకు వెళ్ళియుండగా అక్కడనే 1988 మార్చి 9వ తేదీన తమ 62వ యేట పరమపదించిరి.

సంఘములకు లోపములు లేకపోలేదు. సభ్యత్వము లేని క్రొత్తవానికి తలుపు మూయుదురను నింద వానికి తఱచు కలుగుచుండును. యంత్రము వచ్చి పదిమంది పని యొక్కటే చేయునప్పుడు సంఘమును నిస్సహాయముగా చూడవలసి వచ్చును. ఎలక్ట్రానిక్ వాద్యములు వచ్చిన పిమ్మట సినిమా వాద్యబృందములు చిక్కిపోయినవి. మన యూళ్లలో డీజే పెట్టెల మ్రోత సన్నాయి నోటిని నొక్కుచున్నది. అయినను ఉన్న పనికి తగిన కూలి కావలెనని అడుగు హక్కు యంత్రము వచ్చుటచే పోవునది కాదు.

1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘ మేర్పడినది. ఒక్కనివలన కాని పని పదుగురివలన నగునని మన గ్రంథాలయములన్నియు సాక్ష్య మిచ్చుచున్నవి. తలకొక అణా వేసికొని పుస్తకములు కొన్న గ్రామీణులకు శ్రీనివాసన్‌గారి మార్గము క్రొత్తది కాదు. ఇక మనము చేయదగినది చిన్నదే. మేళమును పిలుచునప్పుడే సొమ్మెంతయో, ఎన్ని గంటలో మాటాడుకొనవలెను. రానుపోను ఖర్చు, భోజనము, తల వాల్చుటకు చోటు చూపవలెను. మంగళము పాడిన పిమ్మట వాద్యకారుడు ఇల్లు చేరులోపుగనే వాని సొమ్ము వాని చేత పెట్టవలెను. ఆ పైన శాలువా కప్పినచో అది నిజమైన సంభావన యగును.