ఇంటి కథలంటే ఇష్టపడ్డ చక్రపాణి.. మాంత్రికుడితో నిలబడ్డ విజయా! మదనపల్లెలో మలుపు తిరిగిన జీవితం

బొమ్మల పుస్తకంలో ఉన్న నరుకుడు, రక్తం సినిమాలోకి వస్తే ఎంత చూపించాలి? ఎంత దాచాలి? కామిక్స్ నుంచి సినిమా వచ్చిన ప్రతిసారీ ఈ గొడవ మామూలే. పుస్తకంలో ఉన్నంత లేదని ఫ్యాన్స్ ఫైర్ అవుతారు. ఇంత అవసరమా అని ఫ్యామిలీ ఆడియన్స్ మొహం తిప్పుకుంటారు. అయితే ఇదేదో హాలీవుడ్ తలనొప్పి అనుకుంటే పొరపాటే. 70 ఏళ్ల కిందటే ఒక తెలుగాయన ఈ చిక్కును రెండు వైపుల నుంచీ చూశారు. ఒక చేత్తో పిల్లల బొమ్మల పత్రిక, ఇంకో చేత్తో సినిమా కంపెనీ నడిపారు. ఆయనే చక్రపాణి. ఆయన కథ మలుపు తిరిగింది ఎక్కడో కాదు.. మన మదనపల్లె పక్కనే!

పెద్దపంజాణి నుంచి పుంగనూరు మీదుగా మదనపల్లె వెళ్లొచ్చే వాళ్లకు ఆరోగ్యవరం పేరు కొత్త కాదు. 1915లో అక్కడ క్షయ రోగుల కోసం శానిటోరియం మొదలైంది. డెన్మార్క్‌కు చెందిన డాక్టర్ ఫ్రిమాట్ మోలర్ దానికి తొలి పెద్ద. అప్పట్లో టీబీకి మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టింది 1940ల్లో. అంతవరకూ పొడి గాలి, మంచి తిండి, నెలల తరబడి విశ్రాంతి.. ఇదే వైద్యం. మద్రాసు రాష్ట్రం నలుమూలల నుంచీ, ఇంకా దూరం నుంచీ రోగులు ఇక్కడికి వచ్చేవాళ్లు. కొందరు ఇంటికి తిరిగి వెళ్లేవాళ్లు, కొందరు వెళ్లేవాళ్లు కాదు.

1932 ప్రాంతంలో అలా వచ్చిన వాళ్లలో తెనాలి కుర్రాడు ఒకరు. అసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు. పుట్టింది 1908 ఆగస్టు 5న, తెనాలి దగ్గర ఐతానగర్‌లో. రైతు కుటుంబం. హిందీ మీద మోజుతో వ్రజనందన శర్మ దగ్గర ఆ భాష నేర్చుకున్నారు. చక్రపాణి అనే కలం పేరు ఆ గురువు పెట్టిందే. పాతికేళ్లు కూడా నిండకుండానే క్షయ పట్టుకుంది. ఇక జీవితం అయిపోయిందని ఊరంతా అనుకునే జబ్బు అది.

మంచం మీద పడుకుని ఎదురుచూడటం తప్ప పనిలేని ఆ నెలల్లో ఆయన చేసిన పని చూడండి. తోటి రోగుల్లో బెంగాలీ తెలిసిన ఒకాయన దొరికితే, ఆ భాష పట్టేశారు! అదేమీ కాలక్షేపానికి నేర్చుకున్నది కాదని తర్వాత తేలింది. ఆరోగ్యం కుదుటపడి బయటికొచ్చాక శరత్‌చంద్ర నవలలు ఒక్కొక్కటే తెలుగు చేశారు. ఎంత సాఫీగా చేశారంటే, శరత్ తెలుగువాడేనని నమ్మిన పాఠకులు బోలెడంతమంది. ఇప్పటికీ మన ఇళ్లలో పాత పుస్తకాల కట్ట విప్పితే ఆ అనువాదాలు ఒకటో రెండో బయటపడతాయి.

ఇక్కడ ఒక మాట. ఈ మనిషికి ఏ కథలు నచ్చేవో శరత్‌ను ఎంచుకోవడంలోనే తెలిసిపోతుంది. అన్నదమ్ములు, అత్తాకోడళ్లు, పంతాలు, పెళ్లిళ్లు. కత్తులు లేవు, మంత్రాలు లేవు. 1930ల్లోనే తెనాలి నుంచి యువ అనే పత్రిక నడిపారు. 1941లో ధర్మపత్ని సినిమాకు రాశారు. బీఎన్ రెడ్డి పిలిస్తే మద్రాసు వెళ్లి 1945లో వచ్చిన స్వర్గసీమకు మాటలు రాశారు. అక్కడ బీఎన్ రెడ్డి తమ్ముడు, ప్రెస్ నడుపుతున్న నాగిరెడ్డితో స్నేహం కుదిరింది. కడప జిల్లా పొట్టిపాడు మనిషి ఒకరు, తెనాలి మనిషి ఒకరు. ఆ తర్వాత నాగిరెడ్డి-చక్రపాణి అన్నది ఒకే పేరులా జనం నోట్లో నానింది.

1947 జులై. దేశానికి స్వాతంత్య్రం రావడానికి నెల ముందు చందమామ వచ్చింది. తెలుగుతో పాటు తమిళంలో అంబులిమామ. తర్వాత కన్నడ, హిందీ, ఇలా పెరుగుతూ పోయింది. పేజీ తిప్పితే బొమ్మ, బొమ్మ కింద కథ. వాడుక భాష, చిన్న వాక్యాలు. ఆర్టిస్టులు మామూలోళ్లు కాదు.. చిత్ర, ఎంటీవీ ఆచార్య, తర్వాత శంకర్, వడ్డాది పాపయ్య. ఇప్పటి లెక్కలో పూర్తి కామిక్ కాకపోవచ్చు గానీ, చదవడం రాని పిల్లలు కూడా బొమ్మలు చూసుకుంటూ కథ పోల్చుకునేవాళ్లు. కామిక్‌కు ఇంతకన్నా ఏం కావాలి?

నాగిరెడ్డి, చక్రపాణి కలిసి పెట్టిన విజయా సంస్థ తొలి సినిమా షావుకారు. 1950లో వచ్చింది. కథ చక్రపాణిదే. పల్లెటూరు, ఇరుగుపొరుగు, అప్పు, పట్టుదల.. పక్కా ఆయన టేస్ట్. మంచి సినిమా అని పేరొచ్చింది. డబ్బులు మాత్రం ఆ స్థాయిలో రాలేదు. కొత్త కంపెనీ, మీద స్టూడియో ఖర్చు. రెండో సినిమా తప్పితే నిలబడటం కష్టం. అప్పుడు తీసింది పాతాళ భైరవి!

మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన కాశీ మజిలీ కథల్లోంచి తీసుకున్న కథ ఇది. పింగళి నాగేంద్రరావు రాశారు, కేవీ రెడ్డి డైరెక్ట్ చేశారు. ఒకసారి కథను విడదీసి చూస్తే ఒళ్లు గగుర్పొడుస్తుంది. ఒక మాంత్రికుడు. అమ్మవారి విగ్రహం దక్కాలంటే సాహసవంతుడైన కుర్రాడిని బలివ్వాలి. ఆ కుర్రాడు తోటమాలి కొడుకు రాముడు. రాజకుమారిని పెళ్లాడాలంటే డబ్బు కావాలి కాబట్టి మాంత్రికుడి వెంట నడుస్తాడు. బలికి ముందు కొలనులో స్నానానికి దిగితే మొసలి మీద పడుతుంది. దాన్ని చంపితే శాపం తీరిన అమ్మాయి బయటికొచ్చి అసలు గుట్టు చెబుతుంది. అంతే, సీన్ రివర్స్! బలివ్వాలనుకున్నవాడే బలైపోతాడు. ఆ తర్వాత శిష్యుడు సదాజపుడు మూలికతో గురువును మళ్లీ లేపుతాడు.

నరబలి, హత్య, శవం లేచి కూర్చోవడం.. ఇదంతా 1951 మార్చి 15న రిలీజైన ఫ్యామిలీ సినిమా! మరి జనం ఎలా తట్టుకున్నారు? మార్కస్ బార్ట్లే కెమెరా బ్లాక్ అండ్ వైట్, రక్తం ఎర్రగా కనపడే అవకాశమే లేదు. అది ఒక కారణం. కానీ అసలు కిటుకు వేరే ఉందనిపిస్తుంది. భయం పెరిగిన ప్రతి చోటా పక్కనే నవ్వు పెట్టారు. అంజిగా బాలకృష్ణ, రాణిగారి తమ్ముడిగా రేలంగి, సదాజపుడిగా పద్మనాభం. పిల్లాడు అమ్మ కొంగు చాటున తల దూర్చేలోపే నవ్వొచ్చేస్తుంది. మాంత్రికుడిగా ఎస్వీ రంగారావు అయితే భయపెడుతూనే ముద్దొస్తారు. విలన్ మాటలను పిల్లలు వీధుల్లో అనుకరిస్తూ తిరిగారంటే ఊహించుకోండి. ఇంకో సంగతి.. బలి అనే మాట వినగానే ప్రేక్షకుడికి ఎవరి పక్షాన ఉండాలో తెలిసిపోతుంది. మీసాలు మొలిచిన తోటమాలి కొడుకు మనోడు. వాడు బతకాలి. కత్తి ఎవరి మీద పడుతుందన్న టెన్షనే తప్ప, ఎలా తెగిందన్న ఆసక్తి కాదు.

సినిమా 175 రోజులు దాటి ఆడింది. తమిళంలో వచ్చింది. 1952లో జెమినీ వాళ్ల చేతుల మీదుగా హిందీలోకి వెళ్లింది. అదే ఏడాది బొంబాయిలో జరిగిన మన దేశపు మొదటి అంతర్జాతీయ చిత్రోత్సవంలో చోటు దక్కించుకుంది. ఎన్టీఆర్ స్టార్ అయ్యారు, విజయా నిలబడింది.

హిట్ ఫార్ములా దొరికింది కదా, ఇక తిరుగులేదు అనుకున్నారేమో. 1954లో చంద్రహారం అనే మరో జానపదం తీశారు. మళ్లీ ఎన్టీఆర్, రంగారావు. డైరెక్టర్ కమలాకర కామేశ్వరరావు. సెట్టింగులు భారీ, ఖర్చు భారీ. ఫ్లాప్! హీరో ప్రాణం ఒక హారంలో ఉంటుంది. రాముడిలా తెగించి తలపడే కుర్రాడి కోసం వచ్చిన జనానికి, హారాన్ని నమ్ముకున్న రాకుమారుడు ఎక్కలేదు. మాయలుంటే చాలు జనం ఎగబడతారన్న లెక్క అక్కడ తేలిపోయింది.

సరిగ్గా అదే 1954లో అమెరికాలో పెద్ద రచ్చ నడుస్తోంది. ఫ్రెడరిక్ వెర్థమ్ అనే సైకియాట్రిస్ట్ హారర్ కామిక్స్ వల్లే పిల్లలు చెడిపోతున్నారని పుస్తకం రాశారు. సెనేట్ కమిటీ పబ్లిషర్లను పిలిచి ప్రశ్నించింది. ఆ ఏడాది చివరికల్లా కంపెనీలు భయపడి తమకు తామే కామిక్స్ కోడ్ పెట్టుకున్నాయి. మరుసటి ఏడాది బ్రిటన్ చట్టం చేసింది. 1956లో మన పార్లమెంటు కూడా చేసింది. హింస, క్రూరత్వం, జుగుప్స నిండిన కథలను 20 ఏళ్ల లోపు వాళ్లకు అమ్మకూడదన్నది దాని సారం. ఈ చట్టం ఒకటుందని ఇప్పుడు ఎంతమందికి గుర్తుందో!

మరి మన చందమామ? అదే 1954లో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన తోకచుక్క సీరియల్ మొదలైంది. చిత్ర బొమ్మలు. ఆ తర్వాత మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, రాకాసిలోయ.. వరసగా. రాక్షసులు, మొసళ్లు, కత్తి దెబ్బలు, పాడుబడ్డ కోటలు. ఇంకోవైపు బేతాళ కథలు. శ్మశానంలో చెట్టు మీంచి శవాన్ని దించి భుజాన వేసుకుని నడిచే రాజు బొమ్మ ప్రతి నెలా పిల్లల చేతుల్లోకి వెళ్లింది. చట్టం వచ్చాక కూడా బేతాళుడు ఆగలేదు. పిల్లలు జడుసుకున్నారా? జడుసుకున్నారు. అయినా వచ్చే నెల సంచిక కోసం పోస్ట్‌మ్యాన్ దారి కాసింది కూడా వాళ్లే.

ఇక్కడే అసలు ట్విస్ట్. ఈ మాంత్రికుల సీరియల్స్ చక్రపాణికి పెద్దగా నచ్చేవి కావని చందమామ పాతతరం వాళ్లు చెప్పుకునే మాట. ఒక దశలో వాటిని పక్కనపెట్టి, తనకు ఇష్టమైన బెంగాలీ సాహిత్యంలోంచి బంకించంద్ర నవలలు సీరియల్‌గా వేయించారు. దుర్గేశనందిని అలా వచ్చిందే. మంచి రచన, మంచి బొమ్మలు. పిల్లలు ఒప్పుకోలేదు! మా రాక్షసులు ఏరీ అన్నట్టు ఉత్తరాలు, తగ్గిన అమ్మకాలు. చివరికి దాసరి వారి సీరియల్ మళ్లీ వచ్చింది. యజమాని ఇష్టం మీద పాఠకుల ఇష్టం గెలిచిందన్నమాట. పత్రిక సొంతం, ప్రెస్ సొంతం.. పంతం పట్టి కూర్చుంటే అడిగేవాళ్లు లేరు. ఆయన కూర్చోలేదు. ఈ కథలో నాకు బాగా నచ్చిన ఘట్టం ఇదే.

ఇప్పటి సీన్‌కు వద్దాం. ఫ్రాంక్ మిల్లర్ కామిక్స్‌ను 2005లో సిన్ సిటీగా, 2007లో 300గా తెరకెక్కించినప్పుడు పుస్తకంలోని బొమ్మను బొమ్మలా ఫ్రేములో దించేశారు. తెగిన తలలు, చిమ్మిన రక్తంతో సహా. అద్భుతం అన్నవాళ్లు ఉన్నారు, ఇది హింసకు హారతి అన్నవాళ్లూ ఉన్నారు. కాగితం మీద బొమ్మ కదలదు. పేజీ తిప్పే వేగం మన చేతిలో ఉంటుంది, భయమేస్తే మూసేయొచ్చు. తెర మీద ఆ వేగం డైరెక్టర్ చేతిలోకి పోతుంది, పైగా సౌండ్ తోడవుతుంది. విజయా వాళ్లు ఈ తేడాను సినిమా పాఠాల్లో చదువుకోలేదు. ఒకే ఇంట్లో పత్రిక, స్టూడియో రెండూ ఉండటంతో పని చేస్తూనే తెలుసుకున్నారు.

చక్రపాణి మాత్రం చంద్రహారం దెబ్బ తర్వాత తన దారికి వచ్చేశారు. 1955లో మిస్సమ్మ. దానికి మూలం బెంగాలీ కథే. ఆరోగ్యవరంలో మంచం మీద నేర్చుకున్న భాష ఇక్కడ అక్కరకొచ్చింది. 1957లో మాయాబజార్, 1961లో జగదేకవీరుని కథ లాంటి మాయల సినిమాలు కేవీ రెడ్డి చేతిలో ఉండగా, ఇంటి కథలు నడుస్తూనే ఉన్నాయి. 1962లో గుండమ్మ కథ. ఓ తమాషా చూడండి.. ఆ సినిమాకు మూలం కన్నడ చిత్రం మనె తుంబిద హెణ్ణు. దాని దర్శకుడు ఎవరో కాదు, దెయ్యాలకూ అస్థిపంజరాలకూ పేరు మోసిన విఠలాచార్య! దెయ్యాలాయన దగ్గర్నుంచి కుటుంబ కథ విజయాకు వచ్చింది.

1975 సెప్టెంబర్ 24న చక్రపాణి కన్నుమూశారు. క్షయ నుంచి బయటపడ్డాక నలభై ఏళ్లకు పైగా బతికారు. చందమామ బాధ్యత చూస్తున్న కొడవటిగంటి కుటుంబరావు 1980 వరకు ఉన్నారు. ఆరోగ్యవరం ఆస్పత్రి ఇప్పటికీ ఉంది, అన్ని జబ్బులకూ వైద్యం చేస్తోంది. పత్రిక ఆగిపోయి పదేళ్లు దాటింది గానీ, పాత సంచికలు స్కాన్ అయి ఫోన్లలో తిరుగుతున్నాయి. తోకచుక్క పేజీలు తిరగేసి చూడండి, రచయిత పేరు ఎక్కడా కనిపించదు. చిత్ర గీసిన మాంత్రికుడు మాత్రం రంగు వెలిసినా గుడ్లురిమి చూస్తూనే ఉంటాడు.