అన్యాపదేశంగా నిజం చెప్పిన రాడ్ సెర్లింగ్

కథకునికి ఎప్పుడూ ఇద్దరు యజమానులుంటారు. ఒకరు కథ వినేవారు. రెండవవారు ఆ కథకు కావలసిన ఖర్చు భరించేవారు. ఇద్దరికీ నచ్చే కథ చెప్పడం కష్టం కాదు. ఇద్దరికీ రుచించని నిజం చెప్పవలసి వచ్చినప్పుడే కథకుని అసలు పరీక్ష మొదలవుతుంది. మన పెద్దలు ఇందుకొక ఉపాయం కనిపెట్టినారు. రాజకుమారులకు రాజనీతి నేర్పబూనిన విష్ణుశర్మ సింహాన్ని, ఎద్దును, నక్కను ముందుకు తెచ్చినాడు. చిన్నయసూరి 'నీతిచంద్రిక' పుణ్యమా అని ఆ మృగాలన్నీ మన బడులలోనికి వచ్చి కూర్చున్నవి. ఒకరిని చూపుతూ వేరొకరిని గురించి చెప్పే ఈ పద్ధతిని మనవారు అన్యాపదేశమన్నారు.

ఈ పద్ధతినే ఇరవయ్యవ శతాబ్దంలో టెలివిజన్‌కు తెచ్చిన అమెరికా రచయిత రాడ్ సెర్లింగ్. అతని మృగాలు గ్రహాంతరవాసులు. అతని అడవి నక్షత్రలోకం. అతడు చెప్పినది మాత్రం తన దేశపు వీధుల సంగతి. అతని జీవితం తెలిస్తే, ఆ కథలలోని ఆకాశం ఎంతగా నేలకు కట్టుబడి ఉన్నదో తెలుస్తుంది.

సెర్లింగ్ 1924 డిసెంబరు 25న న్యూయార్కు రాష్ట్రంలోని సిరక్యూస్‌లో ఒక యూదు కుటుంబంలో జన్మించినాడు. పెరిగినది అదే రాష్ట్రంలోని బింగ్‌హామ్‌టన్ అనే చిన్న పట్టణంలో. తండ్రి దుకాణం నడిపి సంసారం ఈదినాడు. వేసవి సాయంత్రాలు, పార్కులోని రంగులరాట్నం, తెలిసిన ముఖాలు గల వీధులు, ఇవన్నీ ఆ బాలుని మనసులో చెరగకుండా నిలిచినవి. 1943లో హైస్కూలు చదువు ముగియగానే అతడు సైన్యంలో చేరినాడు. హిట్లరు సేనలతో పోరాడవలెనన్నది అతని కోరిక. సైన్యం పారాచూట్ దళంలో చేర్చి పసిఫిక్ రంగానికి పంపినది.

ఫిలిప్పీన్సులోని లేతే ద్వీపంలో అతడు యుద్ధాన్ని దగ్గరగా చూచినాడు. ఒకనాడు ఆకలితో ఉన్న దళానికి విమానం నుండి ఆహారపు పెట్టెలు జారవిడిచినారు. అందులో ఒకటి మీద పడి, అంతవరకు నవ్వించిన ప్రియమిత్రుడు కళ్ళముందే మరణించినాడు. ప్రాణం నిలపడానికి వచ్చినదే ప్రాణం తీసినది. విధి చేసే ఇటువంటి వెక్కిరింత తరువాత అతని కథల మలుపులలో పదే పదే కనిపిస్తుంది. అతనికి మణికట్టుకు, మోకాలికి గాయాలైనవి. మోకాలి నొప్పి జీవితాంతం వదలలేదు. 1945లో తండ్రి గుండెపోటుతో మరణించినాడు. కొడుకు అంత్యక్రియలకు రాలేకపోయినాడు. దేహపు గాయాలకు పతకం వచ్చినది. ఈ గాయానికి మందు లేకపోయినది.

సైనికులకు ప్రభుత్వమిచ్చిన విద్యాసహాయంతో అతడు ఒహాయో రాష్ట్రంలోని ఆంటియోక్ కళాశాలలో చేరినాడు. 1948లో తోటి విద్యార్థిని కారల్ క్రామర్‌ను వివాహమాడినాడు. డబ్బు చాలక కొత్త పారాచూట్లను పరీక్షించే ప్రమాదకరమైన పనికి కూడ ఒప్పుకొన్నాడు. యుద్ధం నాటి పీడకలలు రాత్రుళ్ళు నిద్ర లేపేవి. వాటిని తోలివేయడానికి వ్రాయసాగినాడు. మొదట రేడియోకు, పిదప టెలివిజన్‌కు వ్రాసినాడు. తిరిగివచ్చిన వ్రాతప్రతులు డజన్లకొద్దీ పోగైనవి. 1955 జనవరిలో ప్రసారమైన 'పాటర్న్స్' నాటకంతో ఒక్క రాత్రిలో పేరు వచ్చినది. మరుసటి ఏట 'రిక్వియమ్ ఫర్ ఎ హెవీవెయిట్' ఆ పేరును స్థిరపరచినది.

అప్పటి అమెరికాలో టెలివిజన్ నాటకాలకు ఖర్చు పెట్టేవి వ్యాపార సంస్థలు. సబ్బు, సిగరెట్టు, కారు అమ్ముకొనేవారికి ప్రేక్షకుడంటే కొనుగోలుదారు. కొనేవాడు నొచ్చుకొనే మాట నాటకంలో ఉండరాదు. ఆ భయం ఎంతవరకు పోయినదో ఒక్క ఉదాహరణ చాలు. 1959లో న్యూరెంబర్గ్ విచారణపై మరొక రచయిత వ్రాసిన నాటకం ప్రసారమైనప్పుడు, దానికి ఖర్చు పెట్టిన గ్యాసు వ్యాపారుల సంఘానికి నొప్పి కలుగుతుందని, నాజీలు మనుషులను చంపిన గ్యాసు గదుల ప్రస్తావనలో గ్యాసు అన్న మాట వినబడకుండా చేసినారు. లక్షలమందిని చంపిన విషవాయువు కంటె వంటయింటి పొయ్యి గౌరవం ముఖ్యమైపోయినది.

సెర్లింగ్‌కు తగిలిన దెబ్బ ఇంకా లోతైనది. 1955 ఆగస్టులో మిసిసిపీ రాష్ట్రంలో ఎమెట్ టిల్ అనే పదునాలుగేళ్ళ నల్లజాతి బాలుని ఇద్దరు తెల్లవారు చిత్రహింస పెట్టి చంపినారు. అందరూ తెల్లవారే గల జ్యూరీ వారిని నిర్దోషులన్నది. కొన్ని నెలల తరువాత తామే చంపినట్లు వారు ఒక పత్రికకు చెప్పుకొన్నారు. సెర్లింగ్ ఈ ఘటన ఆధారంగా నాటకం వ్రాయబూనినాడు. నేరుగా వ్రాస్తే వేయరని ముందే ఎరిగి, హతుని ఒక యూదు వృద్ధునిగా మార్చినాడు. అయినా సంగతి బయటపడినది. దక్షిణాది వర్ణవివక్ష సంఘాలు ఉత్తరాల మీద ఉత్తరాలు కురిపించినవి. ఆ నాటక కార్యక్రమానికి డబ్బు పెట్టినది యునైటెడ్ స్టేట్స్ స్టీల్ అనే మహా ఉక్కు సంస్థ. ఉక్కు ఎంత గట్టిదైనా, కొనేవాని కోపం ముందు ఉక్కు సంస్థ మెత్తబడినది. కథాస్థలం దక్షిణం నుండి ఈశాన్యానికి జరిగినది. హతుడు ఊరూ పేరూ లేని పరదేశి అయినాడు. దక్షిణాదిని గుర్తుకు తెస్తుందని కోకాకోలా సీసాను కూడ రంగం మీద నుండి తీసివేసినారు. 1956 ఏప్రిల్‌లో 'నూన్ ఆన్ డూమ్స్‌డే' ప్రసారమయ్యే నాటికి కథలో మిగిలినది పొట్టు మాత్రమే.

రెండేళ్ళకు అదే కథను మరల ఎత్తుకొన్నాడు. ఈసారి దానిని దాదాపు తొంభై ఏళ్ళు వెనుకకు నెట్టి, హతుని మెక్సికన్ యువకుని చేస్తే గాని ప్రసారం కాలేదు. అమెరికా సెనేటును గురించి వ్రాసిన మరొక నాటకంలో సెనేటర్లు ఆనాటి ఏ రాజకీయ సమస్యపైనా నోరు విప్పరాదన్నారు. శాసనసభ్యులు శాసనాలను గూర్చి మాట్లాడని శాసనసభను ఊహించండి! ఆ అనుభవమే అతనికి దారి చూపినది. ఇదే కథను నూరేళ్ళ తరువాతి కాలంలో పెట్టి, సెనేటర్లకు బదులు యంత్రమానవులను కూర్చోబెట్టి ఉంటే అన్ని మాటలూ చెప్పగలిగేవాడినే అని అతడు వ్రాసుకొన్నాడు. వ్యంగ్యంగా అన్న ఆ మాటలో ఒక మార్గం దాగి ఉన్నది.

ఇక్కడ మన ప్రాంతపు ఒక సంగతి జ్ఞప్తికి తెచ్చుకొనవచ్చును. నేటి పరవాడ ఉన్న అనకాపల్లి జిల్లాలోనే ఎస్. రాయవరం ఉన్నది. 1862లో గురజాడ జన్మించినది అక్కడనే. ఆయన 'కన్యాశుల్కం' వ్రాసి సంఘపు పుండును పేరు పెట్టి చూపగలిగినాడంటే, వెనుక ఆనందగజపతి వంటి పోషకుడున్నాడు. ఆ మహారాజు ఈ దురాచారాన్ని మాన్పవలెనని తానే తలచినవాడు. పోషకునికి నిజం ఇష్టమైనప్పుడు కవికి ముసుగు అక్కరలేదు. సెర్లింగ్‌కు ఆ భాగ్యం లేకపోయినది. అతని పోషకులకు నిజం సరుకును పాడుచేసే చెమ్మ వంటిది.

1959 అక్టోబరు 2న సి.బి.ఎస్. సంస్థ ద్వారా 'ట్విలైట్ జోన్' మొదలైనది. సంధ్యాసీమ అని దానిని తెలుగు చేసుకొనవచ్చును. మన దేశంలో ఢిల్లీ నుండి తొలి టెలివిజన్ ప్రసారం జరిగి అప్పటికి మూడు వారాలైనా కాలేదు. వివాదాల జోలికి ఇక పోనని సెర్లింగ్ ఒక ఇంటర్వ్యూలో నమ్మబలికినాడు. ప్రాయోజకులు నిశ్చింతగా ఉన్నారు. గ్రహాంతరవాసుల మాటలకు ఎవరు నొచ్చుకొంటారు? 1964 వరకు అయిదు విడతలుగా సాగిన 156 కథలలో 92 అతడు స్వయంగా వ్రాసినాడు. రిచర్డ్ మాథెసన్, ఛార్లెస్ బోమాంట్ వంటివారు తోడైనారు. కథకు ముందు వెనుక తానే నాలుగు మాటలు చెప్పేవాడు. మన నాటకాలలోని సూత్రధారుడు ఉన్నట్లే.

1960 మార్చిలో వచ్చిన మేపుల్ వీధి కథ చూడండి. ఒక ప్రశాంతమైన వీధిలో హఠాత్తుగా విద్యుత్తు, టెలిఫోన్లు, కార్లు ఆగిపోతవి. గ్రహాంతరవాసులు మనుషుల వేషంలో ముందే వచ్చి ఉంటారని ఒక కుర్రవాడు తాను చదివిన కథ చెపుతాడు. అంతే, నిన్నటి వరకు స్నేహితులైన పొరుగువారు ఒకరినొకరు అనుమానించసాగుతారు. ఒకని కారు దానంతటదే స్టార్టయినదని దోషి అంటారు, అతడే రాత్రుళ్ళు ఆకాశం వైపు చూస్తాడని మరింత అనుమానిస్తారు. చీకటిలో నడిచివస్తున్న పొరుగువానినే కాల్చివేస్తారు. కొండ మీద నుండి చూస్తున్న నిజమైన గ్రహాంతరవాసులకు ఆయుధంతో పనే లేకపోతుంది. నాలుగు దీపాలార్పితే చాలు, మనుషులే తక్కిన పని చేసుకొంటారు. సెనేటర్ మెకార్తీ కాలంలో కమ్యూనిస్టులన్న అనుమానంతో ఉద్యోగాలు పోగొట్టుకొన్నవారు ఎందరో ఉన్న దేశంలో ఈ కథ అర్థం కానివారెవరు?

సింహాద్రి విద్యుత్కేంద్రం చెంత నున్న పరవాడ విద్యార్థులకు ఈ కథ మరింత చక్కగా బోధపడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ తీరాన్ని తాకినప్పుడు దీపాలార్పుకొని ఊళ్ళకు ఊళ్ళే రోజుల తరబడి చీకటిలో మగ్గినవి. అటువంటి చీకటిలో పొరుగువాడు చేదోడా, శత్రువా అన్నది చీకటి నిర్ణయించదు. వెలుతురున్న రోజులలో మనం అలవరచుకొన్న బుద్ధి నిర్ణయిస్తుంది. సెర్లింగ్ చెప్పినది ఇదే.

1961లో 'ది షెల్టర్' అనే కథలో అణుయుద్ధ భయంతో వైద్యుడు కట్టుకొన్న నేలమాళిగ తలుపును అతని ఆప్తమిత్రులే బద్దలు కొడతారు. తీరా చూస్తే ప్రమాదం లేనే లేదు. అదే సంవత్సరం, యెరూషలేములో ఐక్మన్ విచారణ జరుగుతున్న రోజులలో, మాజీ నాజీ అధికారి ఒకడు డాకౌ శిబిరానికి తిరిగివచ్చి తాను చంపినవారి ఆత్మల ముందు ముద్దాయిగా నిలబడే కథ వ్రాసినాడు. 1964 మార్చిలో, కెనెడీ హత్య జరిగిన నాలుగు నెలలకు వచ్చిన కథలో, ఒక మనిషిని ఉరితీయబోయే ఊరిలో తెల్లవారినా సూర్యుడు ఉదయించడు. ద్వేషం పేరుకొన్న చోటల్లా అదే చీకటి కమ్ముతున్నదని రేడియో చెపుతుంది.

రాజకీయాల పక్కనే సొంత వేదన కూడ ఈ కథలలో ప్రవహించినది. 'వాకింగ్ డిస్టెన్స్'లో నడివయసు ఉద్యోగి తన చిన్ననాటి ఊరికి నడిచి వెళ్ళి, అక్కడ చిన్నవాడైన తననూ, బ్రతికి ఉన్న తలిదండ్రులనూ చూస్తాడు. ఇది ఆ బాలుని కాలం, నీది కాదని తండ్రే నచ్చజెప్పి పంపివేస్తాడు. తండ్రికి కడసారి వీడ్కోలు చెప్పలేకపోయిన కొడుకు వ్రాసిన కథ అది. మరొక కథలో ఫిలిప్పీన్సులో చావుకు సిద్ధమైన శత్రువులపై దాడి చేయబోతున్న అమెరికను అధికారి హఠాత్తుగా జపాను అధికారిగా మారి, ఎదుటివాని ప్రాణం విలువ తెలుసుకొంటాడు. తాను పోరాడిన నేల మీద, తాను పోరాడిన శత్రువుకు అతడిచ్చిన తర్పణమిది.

విజయంతో పాటు బేరమూ నడిచినది. ప్రాయోజకుల పెత్తనాన్ని నిరసించినవాడే కథ చివర సిగరెట్టు ప్రకటన చదివినాడు. రోజుకు పెట్టెలకొద్దీ తానే కాల్చినాడు. విరామం లేని పని వల్ల చివరి విడతలలో అలసట కనిపించినది. ధారావాహికలో తన హక్కులను సంస్థకు అమ్మివేసినాడు. పునఃప్రసారాలతో అది కలకాలం ధనం కురిపిస్తుందని అప్పుడు ఊహించలేదు. 1970 నుండి 1973 వరకు వచ్చిన 'నైట్ గ్యాలరీ'లో అతని ముఖమున్నది గాని అతని మాట చెల్లలేదు.

అయినా ముసుగు తీసి మాట్లాడవలసిన చోట మాట్లాడినాడు. వియత్నాం యుద్ధాన్ని బాహాటంగా ఖండించినాడు. 1968లో కాలిఫోర్నియాలోని ఒక కళాశాలలో ప్రసంగించినప్పుడు, విధేయతా ప్రమాణపత్రంపై సంతకం చేయనిదే పారితోషికం రాదంటే, ఆ ధనమే వదులుకొన్నాడు. ఆ ఏడే అతడు మరొక రచయితతో కలిసి చిత్రకథ సమకూర్చిన 'ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్' విడుదలైనది. కడపటి రోజులలో ఇథకా కళాశాలలో విద్యార్థులకు రచన నేర్పినాడు. 1975 జూన్ 28న గుండె శస్త్రచికిత్స తరువాత యాభయ్యవ ఏట కన్నుమూసినాడు. హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం వెలసినది ఆ పైన రెండేళ్ళకు.

అన్యాపదేశం అతనికి గొంతునిచ్చినది. అది మూల్యం కూడ తీసుకొన్నది. ద్వేషమెటువంటిదో అతడు కోట్లమందికి చూపగలిగినాడు, కాని మిసిసిపీలో చచ్చిపోయిన ఆ పదునాలుగేళ్ళ బాలుని పేరును తన నాటకంలో ఒక్కసారీ పలికించలేకపోయినాడు. రోగాన్ని చెప్పనిచ్చిన లోకం రోగిని చూపనీయలేదు. కనుకనే ఇటువంటి కథలలో ఒక ఖాళీ మిగిలి ఉంటుంది. దానిని పూరించవలసినది చదివేవాడు, చదివించేవాడు. నక్క కథ చెప్పి ఊరుకొన్న ఉపాధ్యాయుడు సగం పాఠమే చెప్పినట్లు. ఆ నక్క మన వీధిలో ఏ పేరుతో తిరుగుతున్నదో, అది ఎవరిని బలిగొన్నదో పిల్లలచేత అడిగించినప్పుడే పాఠం పూర్తి అవుతుంది. ఎమెట్ టిల్ పేరు చెప్పి సెర్లింగ్ కథలను పిల్లలకు వినిపిస్తే, అతనికి దక్కని స్వేచ్ఛ కొంత అతని కథలకైనా దక్కుతుంది.