చిట్టెలుకను కన్న చెలిమి

మిక్కీ మౌస్ అను చిట్టెలుకను ఎరుగని పిల్లవాడు అరుదు. దానితోపాటు వాల్ట్ డిస్నీ పేరును ఎల్లరును ఎరుగుదురు. కాని ఆ ఎలుకకు మొదట రూపు దిద్ది నడక నేర్పిన చేయి డిస్నీది కాదు. ఆయన మిత్రుడగు అబ్ ఐవర్క్స్‌ది. ఈ ఇరువురి చెలిమిని, దాని భంగమును తెలిసికొననిదే డిస్నీ జీవితము పూర్తిగ తెలిసినట్లు కాదు.

డిస్నీ 1901 డిసెంబరు 5వ తేదీన షికాగో నగరమున జన్మించెను. తండ్రి ఇలియాస్ కఠినుడు. ఆయన కాన్సస్ సిటీలో పత్రికల పంపిణీ చేపట్టగా, బాలుడు వేకువనే లేచి మంచులో ఇంటింటికి పత్రికలు వేసి, పిదప బడికి పోవుచుండెను. మొదటి ప్రపంచయుద్ధము ముగిసినంతనే రెడ్ క్రాస్ వాహనము నడుపుటకై ఫ్రాన్సు వెళ్లి, 1919లో తిరిగివచ్చి, కాన్సస్ సిటీలోనే ఒక ప్రకటనల చిత్రశాలలో చేరెను. అచ్చటనే ఐవర్క్స్ పరిచయమయ్యెను. ఇరువురును ఒకే యేట పుట్టినవారు. డిస్నీ మాటకారి, ఆశాజీవి. ఐవర్క్స్ మితభాషి, పనిలో మునిగి లోకము మరచువాడు. ఉద్యోగములు పోగా 1920లో ఇరువురును కలిసి సొంత సంస్థ పెట్టిరి. అది నెలదినములైనను సరిగ నిలువలేదు. పిదప డిస్నీ స్థాపించిన లాఫ్-ఓ-గ్రామ్ సంస్థ 1923లో దివాలా తీసెను. ఆయన హాలీవుడ్ చేరి, అన్న రాయ్‌తో కలిసి స్టూడియో నెలకొల్పి, మరుసటి యేడు మిత్రుని పిలిపించుకొనెను.

1928 ఆరంభమున పెద్ద దెబ్బ తగిలెను. ఆస్వాల్డ్ అను కుందేలు చిత్రములకు మంచి ఆదరణ లభించుచుండగా, వ్యాపారి చార్లెస్ మింట్జ్ డిస్నీ చిత్రకారులలో పెక్కుమందిని తనవైపు త్రిప్పుకొనెను. కుందేలుపై హక్కు కూడ డిస్నీది కాకపోయెను. ఐవర్క్స్ మాత్రము చలింపలేదు. వెడలిపోనున్నవారికి తెలియకుండ “ప్లేన్ క్రేజీ” అను తొలి మిక్కీ చిత్రమును దాదాపు ఒంటిచేతితో గీచెను. దినమునకు 700 బొమ్మలు గీచెనని ప్రతీతి. ధ్వనిచిత్రమున సెకనుకు 24 ఫ్రేములు నడచును. ఒక్కొక్క బొమ్మను రెండు ఫ్రేములకు వాడినను సెకనుకు 12 బొమ్మలు కావలెను. అనగా అంత శ్రమయు తెరపై ఒక నిమిషమునకు చాలదు! 1928 నవంబరు 18న న్యూయార్కులో “స్టీమ్‌బోట్ విల్లీ” ప్రదర్శింపబడి, మిక్కీ కీర్తి దేశమంతట వ్యాపించెను.

కీర్తితోడనే కలతయు వచ్చెను. లోకము డిస్నీనే కొనియాడెను. ఐవర్క్స్ బొమ్మల వేగమును నిర్ణయించి వ్రాసిన పట్టికలను డిస్నీ తరచు దిద్దుచుండెను. కళాకారునకు ఇంతకంటె నొప్పి కలిగించునది లేదు. 1930 జనవరిలో పాట్ పవర్స్ అను వ్యాపారి వేరు స్టూడియో పెట్టించెదనని ఆశ చూపగా, ఐవర్క్స్ తన 20 శాతము వాటాను 2,920 డాలర్లకు వదలుకొని వెడలిపోయెను. కుందేలునాడు అందరును విడిచినను విడువని మిత్రుడే ఇప్పుడు విడిచెను. డిస్నీ మనస్సు మిక్కిలి గాయపడెను. తప్పు ఒక్కరిదే యనుట న్యాయము కాదు.

ఐవర్క్స్ సృష్టించిన ఫ్లిప్ అను కప్ప జనులను అంతగ ఆకర్షింపలేదు. 1936లో ఆయన స్టూడియో మూతపడెను. 1940లో ఆయన మరల డిస్నీ గడప త్రొక్కెను. భాగస్వామిగ కాదు, జీతగానిగ. డిస్నీ కాదనలేదు. కాని పూర్వపు చనువు మరల చిగురింపలేదందురు.

ఆ 1940లోనే డిస్నీ “పినోకియో” వెలువడెను. ఇటలీ రచయిత కార్లో కొల్లోడి మూలకథలో, హితము చెప్పిన కీచురాయిని కొయ్యబొమ్మ సుత్తి విసరి చంపివేయును. చిత్రమున ఆ కీచురాయియే జిమ్మినీ అను మిత్రుడాయెను. ఆటల దీవిలో పినోకియో చెడు సావాసము మరగగా, జిమ్మినీ అవమానము సైపక కోపించి వెడలును. పిల్లలు గాడిదలగుట చూచినంతనే కోపము మరచి పరుగెత్తివచ్చును. గాడిదచెవులతో వచ్చిన కొడుకును చూచి తండ్రి గెప్పెట్టోయు తప్పెన్నడు. ఈ కథకును ఐవర్క్స్ రాకకును ముడిపెట్టరాదు. చిత్రము అంతకుముందే సిద్ధమయ్యెను.

తెరపై చూపిన క్షమను డిస్నీ అందరియెడను చూపలేదు. గెప్పెట్టోకు కదలికలు కూర్చిన ఆర్ట్ బాబిట్ 1941లో కార్మికసంఘము పక్షము వహింపగా ఆయనను తొలగించెను. సమ్మె మే 29న మొదలై వేసవి యంతయు సాగెను. న్యాయవిచారణ పిదప బాబిట్‌ను తిరిగి చేర్చుకొనవలసివచ్చినను వైరము చల్లారలేదు. 1947లో అమెరికా కాంగ్రెసు సంఘము ఎదుట డిస్నీ ఆ సమ్మెను కమ్యూనిస్టుల పనిగ చెప్పెను. కూలిపెంపు కోరిన ఉద్యోగులయందు ద్రోహమునే చూచుట ఆయన చరిత్రలో మాయని మచ్చ.

ఐవర్క్స్ మాత్రము బొమ్మలు మాని యంత్రముల వెంట పడెను. జిరాక్స్ పద్ధతిని కార్టూనులకు అనువుగ మలచి, 1961 నాటి “101 డాల్మేషియన్స్”లో గీతలను చేతితో నకలు తీయు శ్రమను తప్పించెను. “మేరీ పాపిన్స్”లో నటులను, బొమ్మలను ఒకే తెరపై కూర్చిన విధానమునకు ఇతరులతో కలిసి 1965లో ఆస్కార్ పొందెను. డిస్నీ 1966 డిసెంబరు 15న మరణించెను. ఐవర్క్స్ 1971లో కన్నుమూయువరకు ఆ సంస్థ పనిలోనే యుండెను.