తెలుగు దీపమును నిలిపిన బ్రౌను దొర

చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1798 నవంబరు 10న కలకత్తాలో జన్మించెను. తండ్రి డేవిడ్ బ్రౌను దైవసేవకుడు, బహుభాషావేత్త. ఆయన తన కుమారునికి ఇంటనే పలు భాషలు నేర్పెను. 1812లో తండ్రి గతించెను గాని ఆయన నాటిన విత్తనము చావలేదు.

1817లో కుంపినీ కొలువునకై మద్రాసు చేరిన బ్రౌను, వెలగపూడి కోదండరామ పంతులు యొద్ద తెలుగు నేర్చెను. 1820లో కడపకు వచ్చెను. తెలుగు కావ్యములనేకము తాటాకులలో చెదలపాలగుచున్న కాలమది. ఆయన అప్పులకైనను వెనుదీయక, పండితులకు జీతములిచ్చి, ప్రతులు వ్రాయించి, తప్పులు దిద్దించెను. 1821లో కడపలో పిల్లలకు ఉచిత పాఠశాలలు తెరచెను. 1829లో వేమన పద్యములను అచ్చొత్తించెను. ఆయన నిఘంటువులు 1852-54 మధ్య వెలువడెను. 1884 డిసెంబరు 12న లండనులో ప్రభువునందు నిద్రించెను.

నేడు విశాఖపట్నము నుండి కొండలు దాటి పోవు రైలుమార్గము బస్తరులోని కిరండూల్ వద్ద ముగియును. బైలదిల్లా ఇనుపగనుల పనికై వచ్చిన తెలుగువారు అచ్చట కాపురముందురు. అట్టి చోట్ల బడిలో హిందీ చదువు బిడ్డకు తెలుగు మాట వచ్చును, అక్షరము రాదు. అప్పుడు తల్లి చేతనున్న బైబిలు ఆ బిడ్డకు ముద్రవేసిన గ్రంథమే గదా!

తలిదండ్రులారా, పరాయి దేశస్థుడు మన భాషకై ఇంత ప్రయాసపడగా మనము ఊరకుందుమా? కుటుంబ ప్రార్థనలో దినమునకొక వచనము బిడ్డచేత చదివించుడి, వ్రాయించుడి. తప్పును కసరక దిద్దుడి. భాషపై ప్రేమ ఇంటనే మొలకెత్తును.