సముద్రం దాటిన ఉత్తరాలు: యువ పైలట్ క్వెంటిన్ రూజ్‌వెల్ట్ జీవితం

1918 జూలై 14. ఫ్రాన్స్ జాతీయ దినోత్సవం. ఆనాడు షామరీ గ్రామ సమీపంలో జర్మన్ విమానాలతో జరిగిన పోరులో ఒక అమెరికన్ యుద్ధవిమానం నేలకూలింది. అందులో ప్రాణాలు విడిచిన పైలట్ వయసు 20 ఏళ్లు. అతడు అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ చిన్న కుమారుడు క్వెంటిన్.

1897 నవంబర్ 19న వాషింగ్టన్‌లో జన్మించిన క్వెంటిన్ బాల్యం చాలావరకు వైట్‌హౌస్‌లోనే గడిచింది. యంత్రాలంటే అతడికి ఎనలేని మక్కువ. హార్వర్డ్‌లో చదువుతున్న రోజుల్లో ఫ్లోరా పేన్ విట్నీతో పరిచయం ప్రేమగా మారింది. ఆమె అమెరికాలోని అత్యంత సంపన్న కుటుంబాలలో ఒకదానికి చెందిన యువతి. ఆమె తల్లి గెర్ట్రూడ్ విట్నీ ప్రసిద్ధ శిల్పి.

1917 ఏప్రిల్‌లో అమెరికా యుద్ధంలోకి దిగింది. రూజ్‌వెల్ట్ నలుగురు కుమారులూ సైన్యంలో చేరారు. వెన్నునొప్పి, చూపు మందగింపు ఉన్నప్పటికీ క్వెంటిన్ వైమానిక దళాన్ని ఎంచుకున్నాడు. న్యూయార్క్ సమీపంలోని మినియోలాలో తొలి శిక్షణ పొందాడు. ఆ మైదానం ఇరువురి ఇళ్లకూ దగ్గరే. ఆ రోజుల్లోనే వారు పెళ్లి చేసుకోవాలని నిశ్చయించుకున్నారు. జూలైలో అతడు ఓడ ఎక్కాడు. అప్పటినుంచి వారిని కలిపి ఉంచినవి ఉత్తరాలు మాత్రమే.

ఫ్రాన్స్‌లోని ఇసూడాన్ శిక్షణ కేంద్రం అప్పటికి ఒక బురద మైదానం. అక్కడ సరఫరాలు, లారీల బాధ్యతలు అతడిపై పడ్డాయి. శిక్షణ ఆలస్యమైంది. చలికాలంలో న్యుమోనియా మంచాన పడవేసింది. ఉత్తరాలు తగ్గాయి. మరోవైపు, యుద్ధరంగానికి చేరుకున్న అన్నలు తమ్ముడు సురక్షిత ప్రాంతంలో కాలం వెళ్లదీస్తున్నాడని నిందించారు. ఆ మాట అతడి మనసును గాయపరిచింది. ఫ్లోరాకు తరచూ రాయకపోతే ఆమెను పోగొట్టుకోవలసి వస్తుందని తండ్రి మందలించారు. క్వెంటిన్ ఆ హితవును మన్నించి, మళ్లీ క్రమంగా రాయసాగాడు.

1918లో ఫ్లోరా ఫ్రాన్స్ వెళ్లి అక్కడే అతడిని వివాహమాడాలని సంకల్పించింది. ఇరు కుటుంబాలూ అంగీకరించాయి. అయితే సైనికుల బంధువులైన స్త్రీలు యుద్ధభూమికి వెళ్లరాదన్న నిబంధన అడ్డుపడింది. మాజీ అధ్యక్షుడి పలుకుబడి సైతం ఆ నిబంధనను సడలించలేకపోయింది.

జూన్‌లో క్వెంటిన్ 95వ ఏరో స్క్వాడ్రన్‌లో చేరాడు. జూలై 10న తొలి శత్రు విమానాన్ని కూల్చాడు. మరో నాలుగు రోజులకే మృత్యువు అతడిని కబళించింది. జర్మన్లు సైనిక లాంఛనాలతో అతడిని ఖననం చేశారు.

కుమారులను యుద్ధానికి ప్రోత్సహించిన తండ్రి ఆ దెబ్బ నుంచి కోలుకోలేదు. ఆరు నెలలు నిండకముందే, 1919 జనవరి 6న కన్నుమూశారు. ఆ దుఃఖకాలంలో ఫ్లోరా రూజ్‌వెల్ట్ కుటుంబానికి సన్నిహితంగా మెలిగారు. అనంతరం వివాహం చేసుకుని, తల్లి స్థాపించిన విట్నీ కళా మ్యూజియంకు సుదీర్ఘకాలం అధ్యక్షురాలిగా సేవలందించారు.

క్వెంటిన్ శిక్షణ పొందిన ప్రాంతానికి రూజ్‌వెల్ట్ ఫీల్డ్ అని పేరు పెట్టారు. 1927లో చార్లెస్ లిండ్‌బర్గ్ పారిస్‌కు ఎగిరింది అక్కడినుంచే. 1955లో క్వెంటిన్ అస్థికలను నార్మండీ సైనిక శ్మశానవాటికకు తరలించారు. 1944లో మరణించిన పెద్దన్న టెడ్ పక్కనే అతడికి చోటు దక్కింది. ఒకనాడు నిందించిన అన్న, నిందపడిన తమ్ముడు ఇప్పుడు పక్కపక్కనే విశ్రమిస్తున్నారు.