నాగపురపు తెలుగు కెప్టెను: కర్నల్ సి.కె. నాయుడుగారు

మన బాబుపేట్‌కు నాగపురము దూరమేమీ కాదు. బల్లార్షా లైనుమీద పోయే బండి ఎక్కితే పూట తిరగకముందే చేరుకుంటాము. ఆ నాగపురములో 1895 అక్టోబరు 31న ఒక తెలుగు ఇంట పుట్టిన పిల్లవాడు భారతదేశపు క్రికెట్టు జట్టుకు మొట్టమొదటి టెస్టు కెప్టెను అయినాడు. ఆయనే కొఠారి కనకయ్య నాయుడుగారు. లోకానికి సి.కె. మన పిల్లలకు నేటి ఆటగాళ్ళ పేర్లు, వారి పరుగుల లెక్కలు కంఠతా వచ్చును గాని, మన పక్క ఊరివాడైన ఈ తెలుగువాని సంగతి చాలమందికి తెలియదు. అందుచేతనే ఈ ఉగాది సంచికలో ఆయన కథ చెప్పదలచినాము.

చెప్పుటకు ఇంకొక కారణము కూడ కలదు. సాయంకాలము మన వాడలోని ఖాళీ జాగాలలో పిల్లలాడుకొను క్రికెట్టు చూచినవారికి ఒక సంగతి తెలియును. బ్యాటు ఎవరిదో వాడే కెప్టెను. వాడు అవుటయినాడంటే బ్యాటు చంకన బెట్టుకొని ఇంటికి పోవును, ఆట బందు. పిల్లలమాట అటుంచి, చందా పెద్దగా ఇచ్చిన ఇంటి కుర్రవానిని ముందు నిలుపుదామని సలహా చెప్పు పెద్దలును లేకపోలేదు. నాయుడుగారి జీవితమంతయు ఈ బ్యాటుగల కెప్టెనులతోనే నడిచినది.

వారి పూర్వులది మచిలీపట్టణము. తాతగారు నారాయణస్వామి నాయుడుగారు నాగపురములో న్యాయవాది, భూస్వామి. తండ్రి సూర్యప్రకాశరావుగారు కేంబ్రిడ్జిలో చదివి వచ్చినవారు. కలిగిన కుటుంబమే, అయినను రాజవంశము కాదు. ఆ రోజులలో క్రికెట్టు రాజుల చేతిలోని ఆట కనుక ఈ భేదము చిన్నది కాదు. 1923లో ఇండోరు హోల్కరు మహారాజు పిలిపించి తన సైన్యములో ఉద్యోగమిచ్చినారు. కర్నల్ అను బిరుదు అక్కడిదే.

1926 డిసెంబరులో గిల్లిగన్ నాయకత్వాన ఇంగ్లండునుండి ఎం.సి.సి. జట్టు వచ్చినది. బొంబాయి జింఖానా మైదానములో హిందూ జట్టు తరపున నాయుడుగారు రెండు గంటలలోపే 153 పరుగులు తీసినారు. అందులో పదకొండు సిక్సర్లు. మన దేశమునకు టెస్టు అర్హత కలదని తెల్లవారికి నమ్మకము కుదిరిన ఆటలలో ఇది ముఖ్యమైనది.

1932లో మన జట్టు ఇంగ్లండు పోయినది. కెప్టెనుగా పోరుబందరు మహారాజు, ఉపనాయకుడుగా లింబ్డీ రాకుమారుడు. పోరుబందరువారి గొప్పతన మేమనగా, తన ఆట ఎంతో తానెరిగి టెస్టు పోటీనుండి తానే తప్పుకొన్నారు. లింబ్డీవారికి దెబ్బ తగిలినది. అట్లు నాయకత్వము నాయుడుగారికి వచ్చినది. వచ్చినదే గాని సుఖముగా రాలేదు. రాచబిడ్డ కానివాని క్రింద, అందులోను ఇంత కఠినుని క్రింద తాము ఆడమని కొందరు మొరాయించినారనియు, పటియాలా మహారాజు గట్టిగా ఆజ్ఞ పంపిన పిమ్మటనే దారికి వచ్చినారనియు క్రికెట్టు చరిత్రకారులు వ్రాసినారు. జూన్ 25న లార్డ్సు మైదానములో ఆట మొదలయిన కొద్దిసేపటికే ఇంగ్లండు 19 పరుగులకు మూడు వికెట్లు పోగొట్టుకొన్నది. మనము 158 పరుగుల తేడాతో ఓడితిమి గాని, క్యాచ్ పట్టబోయి చేయి గాయపరచుకొన్న నాయుడుగారే ఆ గాయముతో 40 పరుగులు తీసి మొదటి ఇన్నింగ్సులో మనవారందరిలో మిన్న అయినారు. ముందురోజు మొరాయించినవారికి ఆ చేయి ఒక జవాబు.

నాలుగేండ్లకు, 1936లో, మరల ఇంగ్లండు ప్రయాణము. ఈమారు కెప్టెను విజయనగరపు రాకుమారుడు విజ్జీ. ఆయనయు మన తెలుగుసీమలో పుట్టినవారే. డబ్బు, పలుకుబడి మెండు; ఆట తక్కువ. జట్టు రెండు ముఠాలయినది. బాగుగా ఆడుచున్న లాలా అమరనాథును క్రమశిక్షణ పేరిట నడుమనే ఇంటికి పంపినారు. మూడు టెస్టులలో రెండు ఓడినాము. మర్చంటు, ముస్తాక్ అలీ వంటి ఆటగాళ్ళున్న జట్టు అట్లు చెదరిపోవుటకు ఆట రాకపోవుట కారణము కాదని మా అభిప్రాయము. నాయుడుగారి పదవి పోయినది, మాట పోయినది. అయినను ఓవలులో జరిగిన చివరి టెస్టులో అలెన్ విసరిన బంతి రొమ్ముక్రింద బలముగా తగిలినను మైదానము విడువక 81 పరుగులు తీసినారు. అదే ఆయన కడపటి టెస్టు.

అసలు పని అటు తరువాత ఇండోరులో జరిగినది. కుర్రవాళ్ళను తీర్చిదిద్దుటలో ఆయన పద్ధతి హోల్కరు జట్టులోనే చూడవలెను. ముస్తాక్ అలీని పదమూడేండ్ల బాలుడుగా ఇండోరులో గుర్తించి పైకి తెచ్చినది ఆయనే. సర్వటే, జగ్దాలే, నింబాల్కరు, మన నాగపురములో పుట్టిన హీరాలాల్ గాయక్వాడు, స్వంత తమ్ముడు సి.ఎస్. నాయుడు: ఒకరి భాష ఒకరిది కాదు, మతము ఒకటి కాదు. బొంబాయిలో హిందువులు, ముస్లిములు, పార్సీలు వేరువేరు జట్లుగా తలపడుచున్న రోజులవి. ఇండోరులో అందరికి ఒకే కొరడా. వేళకు రావలెను, బట్టలు శుభ్రముగా ఉండవలెను, అంపైరు మాటకు మొగము చిట్లించరాదు, బంతి తగిలిన చోట చేత్తో రుద్దుకొనరాదు. తమ్ముడైనంత మాత్రమున సడలింపు లేదు: 1944-45 రంజీ ఫైనలులో బొంబాయిమీద సి.ఎస్. చేత 917 బంతులు వేయించినారు. అంత చేసియు హోల్కరు ఓడినది.

ఈ దెబ్బ రుద్దుకొనరాదను నియమము మాకు పూర్తిగా నచ్చదు. పిల్లవానికి దెబ్బ తగిలితే చెప్పుకొనుటకు జంకరాదు; ఈనాటి శిక్షకులందరును అదే చెప్పుదురు. అయితే నాయుడుగారు తానాచరించని నియమమును ఒకరికి పెట్టలేదు. 56 ఏండ్ల వయసున బొంబాయితో ఆడుచుండగా ఫడ్కర్ బంతి మూతికి తగిలి పండ్లు ఊడినవి. ఆయన వాటిని పిచ్‌మీదనుండి ప్రక్కకు తోసి, ఆట సాగించినారు. అది చూచిన కుర్రవాడు వేళకు రాకుండునా?

ఫలితము లెక్కలలో ఉన్నది. 1944-45 మొదలు 1954-55 వరకు పదకొండేండ్లలో హోల్కరు పదిమారులు ఫైనలు చేరినది. నాలుగు మారులు రంజీ ట్రోఫీ గెలిచినది. 1945-46లో మైసూరుమీద 8 వికెట్లకు 912 పరుగులు చేసినప్పుడు ఆరుగురు శతకములు కొట్టినారు. ఆ ఆరుగురిలో ఏబది ఏండ్ల కెప్టెను ఒకరు.

ఆంధ్ర జట్టు 1953-54లో మొదటిసారి రంజీ పోటీలలో అడుగిడినప్పుడు దానిని నడిపించినదియు నాయుడుగారే. హోల్కరువంటి జట్టును నడిపినవారు అనుభవము లేని జట్టును చేపట్టుటకు చిన్నతనముగా భావించలేదు. 1956లో పద్మభూషణ్ వచ్చినది.

ఆ ఏడే ఉత్తరప్రదేశ్ జట్టుకు నాయకుడు కావలసివచ్చినది. అక్కడి క్రికెట్టు సంఘమునకు పెద్ద విజ్జీ. 1936లో ఎవరిని ప్రక్కకు నెట్టినారో ఆయననే, 61 ఏండ్ల ముసలివానిని, పిలిచి జట్టు అప్పగించినారు. నాయుడుగారు పాత పగ తలచక పోయినారు. కడపటి రంజీ ఇన్నింగ్సులో 52 పరుగులు తీసినారు.

1967 నవంబరు 14న ఇండోరులో కన్నుమూసినారు. ఆయన పేరిట యువకుల జట్లకు అఖిలభారత పోటీ నేటికిని జరుగుచున్నది. విదర్భ కుర్రవాళ్ళు, హైదరాబాదు కుర్రవాళ్ళు, ఆంధ్ర కుర్రవాళ్ళు అందరును అందులో ఆడుదురు.